లీగల్ ఎయిడ్‌కి నిధులు పెంచమని లాయర్లే అడగాలంటే ఎలా మొదలుపెట్టాలి?

నేను బెంగళూరులో జూనియర్ లాయర్‌ని, సొంతూరు హిందూపురం. లీగల్ ఎయిడ్ ప్యానెల్‌లో, అంటే ఉచిత న్యాయ సహాయం కేసులు చూసే లాయర్ల జాబితాలో ఉన్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో అనంతపురం, కర్నూలు వైపు నుంచి కూలి పనులకొచ్చిన తెలుగువాళ్లే ఎక్కువ. మొన్న ఒకావిడ భర్త మీద మెయింటెనెన్స్ (భరణం) కేసు వేయాలని వచ్చి, కొంగు ముడి విప్పుతూ "ఫీజెంత సార్?" అంది. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి. ఎంత చెప్పినా నమ్మలేదు.

చట్టం బాగానే ఉంది, డబ్బు దగ్గరే చిక్కు. ప్యానెల్ ఫీజు జిరాక్స్‌లకీ ఆటోలకీ సరిపోతే గొప్ప. అనుభవం ఉన్నవాళ్లు మెల్లగా జారుకుంటున్నారు. పేదల కేసులన్నీ నాలాంటి కొత్తవాళ్ల నెత్తిన పడుతున్నాయి (మాకు మంచిదే, నష్టం కక్షిదారుకే).

రాష్ట్ర లీగల్ ఎయిడ్ నిధికి ప్రభుత్వం గ్రాంటు ఇవ్వొచ్చని సెక్షన్ 16లో ఉంది. అందుకే బడ్జెట్‌కి ముందే సీనియర్లతో సంతకాలు పెట్టించి న్యాయశాఖ మంత్రికి వినతిపత్రం ఇద్దామనుకుంటున్నాం. ముందు బార్ అసోసియేషన్‌తో తీర్మానం చేయించాలా? సీనియర్ల మాటైతే చెల్లుతుంది, మరి వాళ్లను కదిలించేదెలా? గ్రాంటు ఎంతొచ్చింది, ఎంత ఖర్చయింది అని ఆర్టీఐలో ఎలా అడిగితే తిరకాసు లేకుండా జవాబిస్తారు?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎవరైనా ఇలాంటిది చేసి ఉంటే వినతిపత్రం నమూనా పెట్టండి. "మీ ఫీజుల కోసమే కదా ఇదంతా" అన్నవాళ్లకి ఏం చెప్పారో కూడా రాయండి.