సి ప్రోగ్రాంలో ఏ లైను ఎందుకు? – చర్చ

డిప్లొమా మొదటి ఏడు:
నమస్కారమండి. రెండు సబ్జెక్టుల మార్కులు తీసుకొని సగటు చూపించే చిన్న సి ప్రోగ్రాం రాయమన్నారు. నోట్సులో ఉన్నట్టే పైన కోనియో డాట్ హెచ్, తర్వాత వాయిడ్ మెయిన్, లోపల క్లియర్ స్క్రీన్, చివర గెట్‌సీహెచ్ రాస్తే కళాశాల ల్యాబులో నడిచింది కానీ, ఇంట్లో లినక్స్ మీద జీసీసీ అనే కంపైలర్‌తో (ప్రోగ్రాంను కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చే సాధనం) కంపైల్ చేస్తే కోనియో అనే ఫైలే లేదని మొదట్లోనే ఆగిపోయింది. వీటిలో నిజంగా అవసరమైనవి ఏవి?

ల్యాబ్ అధ్యాపకుడు:
మీ ల్యాబులో ఇంకా టర్బో సి నడుస్తున్నట్టుంది. అది బోర్లాండ్ సంస్థ 1987లో తెచ్చిన డాస్ కాలపు కంపైలర్. మీరు చెప్పిన వాటిలో కోనియో, క్లియర్ స్క్రీన్, గెట్‌సీహెచ్ మూడూ సి ప్రమాణంలో లేవు. మొదటిది హెడర్, అంటే ప్రోగ్రాం పైన చేర్చుకునే ఫైలు; రెండోది తెర తుడవడానికి, మూడోది ఫలితం చూసేలోపు తెర మారిపోకుండా మీట నొక్కేదాకా ఆపడానికి. మూడింటినీ నిస్సంకోచంగా తీసేయండి. వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ అని రాసి, చివర రిటర్న్ 0 పెట్టండి. పని సవ్యంగా ముగిసిందని ఆపరేటింగ్ సిస్టంకు చెప్పేది ఆ సున్నాయే. ప్రోగ్రాం ముగిసిన వెంటనే టెర్మినల్‌లో ఎకో అని కొట్టి, పక్కన డాలరు గుర్తు, ప్రశ్నార్థకం కలిపి పెడితే దాన్ని మీరే చూడవచ్చు.

రాత్రి షిఫ్టు:
హెడర్ గురించి ఒక మాట కలుపుతాను. ఎస్‌టీడీఐఓ డాట్ హెచ్ చేర్చితే, ఫలితాన్ని తెరపై చూపించే ప్రింట్ఎఫ్ ఫంక్షన్ మొత్తం మన ఫైల్లోకి వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. వచ్చేది దాని ప్రకటన మాత్రమే. పని చేసే అసలు కోడు లైబ్రరీలో ఉంటుంది, దాన్ని చివర్లో లింకర్ కలుపుతుంది. అందుకే లినక్స్‌లో మ్యాథ్ డాట్ హెచ్ చేర్చి వర్గమూలం ఫంక్షన్ వాడినా, కంపైల్ చేసేటప్పుడు గణిత లైబ్రరీని విడిగా పేర్కొనకపోతే లింకర్ తరచూ అభ్యంతరం చెబుతుంది.

ట్యూషన్ మాస్టారు:
హెడర్లు ఎలాగూ అలవాటైపోతాయి. నా దగ్గరకు వచ్చే పిల్లలు నిజంగా తడబడేది మెయిన్ లోపలి వరుసలో. చరరాశులను ప్రకటించిన వెంటనే సగటు సమం (ఒకటో మార్కు + రెండో మార్కు) / 2 అని రాసి, ఆ తర్వాత స్కాన్ఎఫ్‌తో మార్కులు అడుగుతారు. లెక్కల పుస్తకంలో సూత్రం ముందు రాసి విలువలు తర్వాత ప్రతిక్షేపించిన అలవాటు అది. సి లో ఆ లైను నిలిచి ఉండే సూత్రం కాదు, అక్కడికి చేరినప్పుడు ఒక్కసారి జరిగే పని. అప్పటికి మార్కుల చోట ఏ విలువ ఉందో ఎవరికీ తెలియదు కాబట్టి ఫలితం అర్థం లేనిదవుతుంది, పైగా ఎర్రరు కూడా రాదు. చదవడం, లెక్కించడం, చూపించడం అనే క్రమంలోనే రాయించాలి. స్కాన్ఎఫ్‌లో చరరాశి పేరు ముందు & గుర్తు ఎందుకని కూడా అడుగుతారు. విలువను ఎక్కడ పెట్టాలో ఆ చిరునామా ఇస్తున్నామని చెబితే ప్రస్తుతానికి చాలు.

డిప్లొమా మొదటి ఏడు:
ధన్యవాదాలండి, జీసీసీలో నడిచింది. అయితే 67, 72 ఇస్తే 69.5 రావాలి కదా, 69.000000 అని వస్తోంది. సగటును దశాంశ సంఖ్యలు పట్టే ఫ్లోట్‌గానే ప్రకటించాను.

ల్యాబ్ అధ్యాపకుడు:
మార్కులు రెండూ ఇంట్, భాగించే 2 కూడా పూర్ణాంకమే. అందువల్ల 139ని 2తో భాగించినప్పుడే దశాంశ భాగం పోయి 69 మిగిలింది; ఆ 69 తర్వాత ఫ్లోట్‌లోకి చేరింది. 2 బదులు 2.0 అని రాయండి, 69.500000 వస్తుంది. దశాంశం తర్వాత ఒక్క అంకె చాలనుకుంటే ప్రింట్ఎఫ్‌లో పర్సెంట్ గుర్తుకూ ఎఫ్‌కూ మధ్య .1 చేర్చండి.