‘బలగం’: నల్లిబొక్క కోసం 20 ఏండ్లు మాటలు బందా?

మిర్యాలగూడ మిల్లు:
2023లో వచ్చిన ‘బలగం’ సినిమా మళ్లీ చూశాను. కొమురయ్య చావు, పిట్ట ముట్టకపోవడం, పదకొండో రోజు జంగాల పాట, అన్నీ బాగున్నాయి. కానీ విందులో నల్లిబొక్క (మూలుగ ఉన్న ఎముక) పడలేదని అల్లుడు నారాయణ 20 ఏండ్లు అత్తగారి గడప తొక్కడా? నాకు ఎక్కలేదు.

పాలమూరు అల్లుడు:
అన్నా, మీరెప్పుడైనా అల్లుడిగా బంతిలో కూర్చున్నారా? దసరాకు మా బామ్మర్ది గంటెతో నల్లి ముక్కలన్నీ ఏరి మా షడ్డకుడి ఇస్తారాకులో వేశాడు. ఆయనది సర్కారు నౌకరి మరి. నా ఆకులో ఉత్త పులుసు, ఒక ఆలుగడ్డ. చాన్నాళ్లు పోలేదు. మా ఆవిడను రాఖీకి కూడా పంపలేదు.

డిండి కాలువ:
సినిమా కథ జరిగే సిరిసిల్ల దిక్కు మర్యాదలు ఎక్కువ. మన దేవరకొండ దిక్కు అంత పట్టింపు లేదు.

పాలమూరు అల్లుడు:
దేవరకొండ అల్లుళ్లను అడిగి రాయండి తమ్మీ.

బత్తాయి తోట:
మా ఊర్లో పంచాయతీ ముందర తెర కట్టి వేశారు. ఊరంతా ఏడ్చింది.

మిర్యాలగూడ మిల్లు:
ఏడుపు సంగతి కాదు. గొడవకు కారణం బలంగా ఉండాలి కదా. బొక్క ఒక కారణమా?

చిట్యాల ఆడబిడ్డ:
“పంపలేదు” అని ఎంత అలవోకగా రాశారు బావగారూ! ఇద్దరు మగవాళ్ల పంతానికి తల్లిగారింటికి దూరమైంది నారాయణ భార్య లక్ష్మి. మీరందరూ బొక్క దగ్గరే ఆగిపోయారు. ఈ సినిమా చూసి మా అన్న రాత్రి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. తెల్లారి మళ్లీ ఫోన్: “పౌతి చేయించాలి చెల్లే, నీ వాటా వద్దని వచ్చి సంతకం పెట్టిపో.” పౌతి అంటే పోయినవాళ్ల భూమిని వారసుల పేరు మీదికి మార్చడం.

మిర్యాలగూడ మిల్లు:
సినిమా గురించి మాట్లాడుతుంటే భూములెందుకమ్మా? అయినా కట్నం ఇచ్చి పంపాక మళ్లీ వాటా ఏంది? అప్పు తెచ్చి పెళ్లి చేసిన అన్నదమ్ముల బాధ ఎవరికీ పట్టదు.

చిట్యాల ఆడబిడ్డ:
ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని ఆడపిల్లలకు సమాన హక్కు మన దగ్గర 1986లోనే ఇచ్చారు, ఎన్టీఆర్ ఉన్నప్పుడు. 2005లో కేంద్రం పెళ్లయినవాళ్లకూ ఇచ్చింది. ఆనాటికి తండ్రి బతికి లేకున్నా హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కట్నం తీసుకుంటే వాటా పోతుందని ఏ చట్టంలో ఉంది?

మిర్యాలగూడ మిల్లు:
చట్టం నాకూ తెలుసు. మా చెల్లె కూడా ఇదే చెప్పి సంతకం పెట్టనంటోంది. పండుగకు పిలిచినా రాదు.

పాలమూరు అల్లుడు:
ఇదా సంగతి! ఇంతసేపూ పాపం నారాయణను తిట్టించారు.

డిండి కాలువ:
కట్నం ఇచ్చిన నాడు ఎకరం ఎంత, ఇప్పుడెంత? ఆ లెక్క కూడా రాయన్నా.