‘పరిమిత కారకం’ అన్న మాట పిల్లల్ని తప్పుదారి పట్టిస్తోందా?

గాజువాకలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తుంటాను. రసాయన చర్యలో ముందుగా అయిపోయి చర్యను అక్కడితో ఆపేసే పదార్థాన్ని, అంటే లిమిటింగ్ రీఏజెంట్‌ని, ‘పరిమిత కారకం’ అంటున్నాం కదా, ఆ మాట గురించే నా బాధ.

మొన్న ఒక లెక్క ఇచ్చాను. మూసిన పాత్రలో కార్బన్ మోనాక్సైడ్ పీడనం 4 అట్మాస్ఫియర్లు, ఆక్సిజన్‌ది 3. మండించి, మళ్లీ మొదటి ఉష్ణోగ్రతకే చల్లారిస్తే లోపల పీడనం ఎంత? ఒకమ్మాయి వెంటనే “ఆక్సిజనే పరిమితం సార్, 3 తక్కువ కదా” అంది. ఆ పిల్లని తప్పుపట్టలేకపోయాను. పరిమిత ఆదాయం అంటే కొద్దిపాటి ఆదాయమనేగా మనకు తెలిసింది!

నిజానికి రెండు పాళ్ల మోనాక్సైడ్‌కి ఒక పాలు ఆక్సిజన్ చాలు. పాత్ర, ఉష్ణోగ్రత మారనప్పుడు పీడనం మోల్‌ల సంఖ్యను, అంటే ఎన్ని అణువులున్నాయన్నదాన్ని బట్టే ఉంటుంది కాబట్టి ఆ పాళ్లు నేరుగా పీడనాలకే వేసుకోవచ్చు. మోనాక్సైడ్ 4 పూర్తిగా ఖర్చయ్యేసరికి ఆక్సిజన్ 2 పోయి 1 మిగులుతుంది, కార్బన్ డయాక్సైడ్ 4 పుడుతుంది. 7 ఉన్న పీడనం 5కి దిగుతుంది. ఎక్కువ ఉన్న మోనాక్సైడే ముందు అయిపోయింది.

‘పరిమిత’ అంటే హద్దులో ఉన్నది. ఇక్కడ కావలసింది తక్కినవాటికి హద్దు పెట్టేది. కర్త ఉండాల్సిన చోట కర్మ వచ్చి కూర్చుంది.

మా అమ్మ బియ్యం అయిపోయాయి అనదు, ‘నిండుకున్నాయి’ అంటుంది. మర్నాడు క్లాసులో ఆ మాటే వాడాను. ఇడ్లీకి గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ. పప్పు రెండు గ్లాసులు, రవ్వ మూడు ఉంటే ముందు నిండుకునేది ఏది? “రవ్వ!” అన్నారందరూ. అదే అమ్మాయి గ్యాసుల లెక్క మళ్లీ తనే చేసింది.

ఇది చదివిన ఒకరి జవాబు: బాగుందండీ, కానీ పుస్తకంలో రాయడానికి సమాసంలో ఇమిడే మాట కావాలి. ‘నియంత్రక కారకం’ అంటే?

నేను: వ్యాకరణం ప్రకారం అదే సరైనదండి, నియంత్రించేది అని కర్తే పలుకుతుంది. కాకపోతే చర్య వేగాన్ని మార్చే ఉత్ప్రేరకంతో పిల్లలు కలిపేసుకుంటారేమోనని భయం. మార్కులు పోకుండా పరీక్షలో ‘పరిమిత కారకం’ అనే రాయిస్తాను. బోర్డు మీద మాత్రం ‘ముందు నిండుకునేది’ అనే రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లలో ‘నిండుకోవడా’నికి ఇంకేమైనా మాట ఉంటే చెప్పండి, అదీ వాడి చూస్తాను.