వీడియో కాల్‌లో చూస్తూ సీపీఆర్ చేయించగలమా?

లంక కుర్రాడు:
మాది సఖినేటిపల్లి మండలం, నేనుండేది హైదరాబాద్‌లో. ఇంటి దగ్గర అమ్మానాన్నే. నాన్నకి పోయినేడాది స్టెంట్ వేశారు. పక్కింటి బాబాయ్ పిలిస్తే పరిగెత్తుకొస్తాడు గానీ, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం) టీవీలో చూడ్డమే. నాన్న ఉన్నట్టుండి పడిపోతే, అంబులెన్స్ వచ్చేలోగా నేను వాట్సాప్ వీడియోలో చూస్తూ బాబాయ్ చేత చేయించగలనా?

మాజీ ఈఎంటీ, అమలాపురం:
అంబులెన్స్‌లో పనిచేసినవాణ్ణి చెప్తున్నా, చేయించొచ్చండి, కానీ వీడియో రెండో పని. మనిషి పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే ముందు 108కి కొట్టి, స్పీకర్ పెట్టి నొక్కడం మొదలెట్టెయ్యాలి. ఆ కాల్ కట్ చేసి మీకు చేస్తానంటే మాత్రం వద్దనండి. మీ వీడియో అమ్మగారి ఫోన్‌లో, అదీ ఆవిడ చేతులు ఖాళీగా ఉంటేనే. కోపెన్‌హాగెన్, సియోల్‌లలో వీడియోతో చేయిస్తున్నారు. అక్కడా ముందు మాటతోనే మొదలెట్టించి, తర్వాత కెమెరా ఆన్ చేయిస్తారు.

వీడియో ఎందుకంటే, ఛాతీ మధ్యలో అని ఎంత చెప్పినా ఒకరు ఎడమపక్కకి పోతారు, ఇంకొకరు పొట్ట మీదకి జారతారు. కొందరు మోచేతులు వంచి పిండి పిసికినట్టు నొక్కుతారు. చూస్తే ఒక్క మాటతో సరిచేయొచ్చు. ఫోన్ పక్కనుంచి పట్టుకోమనండి, ఛాతీ, బాబాయ్ మోచేతులు రెండూ కనబడాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకి తగ్గకుండా, 6 దాటకుండా. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి రానివ్వాలి.

అన్నట్టు, మీ నాన్నగారు పడుకునేది నవారు మంచమేనా? దాని మీద నొక్కితే నవారే దిగుతుంది, ఛాతీ దిగదు. ముందు గచ్చు మీదకి దించమనండి.

చెరువుగట్టు, భీమవరం:
లెక్క మాత్రం మీరు పెట్టకండి బ్రో. మా గట్ల మీద సిగ్నల్‌కి వీడియో వెనకబడుతుంది, మీ ‘ఒకటి’ అక్కడికి చేరేసరికి ఆయన మూడులో ఉంటాడు. నొక్కేవాళ్లనే పైకి లెక్కపెట్టమనండి. ఇంకోటి, చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్ దగ్గర షాక్ కొట్టి పడ్డవాళ్లని ముట్టుకునే ముందు మెయిన్ ఆపాలి. వీడియోలో చూసేవాడికి తీగ కనబడకపోవచ్చు.

లంక కుర్రాడు:
థాంక్సండి. మంచం నవారుదే! గురకలాగా ఊపిరి తీస్తుంటే ఆగాలా? అమ్మకేమో మోకాళ్ల నొప్పులు, ఎంతసేపు నొక్కగలదు?

మాజీ ఈఎంటీ, అమలాపురం:
ఎగశ్వాసలాగా ఎప్పుడో ఒకటి వస్తే అది ఊపిరి కింద లెక్క కాదండి, నొక్కాల్సిందే. చాలామంది ‘బతికే ఉన్నాడు’ అని అక్కడే ఆగిపోతారు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, అలిసిన చేతికి లోతు తగ్గిపోతుంది. రాత్రి గోదావరి దాటించే పంటు లేక అంబులెన్స్ చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాల్సొస్తే ఇద్దరు చాలరు, వీధిలో ఇంకో కుర్రాణ్ణి కూడా చూసుకోండి. పక్కటెముక చప్పుడైనా ఆపొద్దు.

కాలవలో పడినవాళ్ల సంగతి వేరు. బోర్లా వేసి పొట్ట నొక్కి నీళ్లు కక్కించాలని చూడొద్దు. వాళ్లకి ముందు నోటితో ఊపిరి ఊదాలి, తర్వాత 30 నొక్కుళ్లకి 2 ఊపిర్లు. ఈ ఆదివారం వీడియో కాల్ పెట్టి బాబాయ్ చేత గచ్చు మీద దిండు నొక్కించండి. ఫోన్ ఎక్కడ పెడితే కనబడుతుందో అప్పుడే తేలిపోతుంది.