అపార్ట్‌మెంట్ మిద్దె మీద అందరం కలిసి తోట వేయాలంటే ఎలా మొదలుపెట్టాలి?

కూకట్‌పల్లి వాసి:
మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. బట్టలు ఆరేయడానికి తప్ప పైకి ఎవరూ ఎక్కరు, ఎదురు ఫ్లాట్‌లో ఎవరుంటారో కూడా చాలామందికి తెలియదు. అందుకే కలిసి ఆకుకూరలు, ఒక దొండ పందిరి వేద్దామని అడిగితే కొన్ని కుటుంబాలు సరేనన్నాయి, అసోసియేషన్ వాళ్లకు మాత్రం స్లాబు కారుతుందని టెన్షన్. కాసినవి పంచుకునేటప్పుడు గొడవలు రాకుండా ఏం చేస్తారు?

పిట్టగోడ:
స్లాబు గురించి వాళ్ల భయం సరైనదే, ముందు దాన్ని తీర్చండి. ఇంజనీరుకు ఒకసారి చూపించి, అవసరమైతే వాటర్‌ప్రూఫింగ్ చేయించాకే మొదలుపెట్టండి. స్లాబు మీద నేరుగా మట్టి పోసి మడులు కట్టొద్దు. ఇరవై లీటర్ల బ్యాగులో తడి ఎర్రమట్టి నింపితే ముప్పై కిలోల దాకా తూగుతుంది, కాబట్టి కోకోపీట్ (కొబ్బరి పొట్టు), చివికిన పశువుల ఎరువు కలిపి బరువు తగ్గించండి, కుండీలు కింద బీములున్న చోట స్టాండ్ల మీద పెట్టండి, నీళ్లు పోయే దారి మూసుకుపోకుండా చూడండి.

పందిరి కింద:
మా దగ్గర కుండీలు ఎవరివి వాళ్లవే, పందిరి, కరివేపాకు, కంపోస్టు డ్రమ్ము మాత్రం ఉమ్మడి. ఆదివారం పొద్దున అందరూ ఉన్నప్పుడే కోస్తాం, ఎంత తక్కువ వచ్చినా అప్పుడే పంచేస్తాం. తోటకూర, గోంగూరతో మొదలుపెట్టండి, నెల తిరిగేసరికి చేతికొస్తే జనానికి ఉత్సాహం వస్తుంది. ఇంకోటి, నీళ్లు పోసే పనంతా వాచ్‌మన్ కుటుంబం మీద తోసేయకండి. చేయిస్తే విడిగా డబ్బులివ్వండి, కూరల్లో వాటా కూడా ఇవ్వండి. మా వాచ్‌మన్ భార్య సేద్యం చేసిన మనిషి, పేనుబంక పడితే ఏం చేయాలో అందరం ఆమెనే అడుగుతాం.

నాటువిత్తనం:
ప్యాకెట్ హైబ్రిడ్ల బదులు నాటు విత్తనాలు తెచ్చుకోండి, హైబ్రిడ్ నుంచి తీసిన విత్తనానికి అదే కాపు రాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) అనే సంస్థ సంఘాల మహిళలు విత్తనం అప్పుగా ఇచ్చి, పంటయ్యాక అంతకంటే ఎక్కువ తిరిగి తీసుకుంటారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగం (యూఎన్‌డీపీ) ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ కూడా వాళ్లకే వచ్చింది. మీరూ అలాగే ఒక విత్తనాల డబ్బా పెట్టండి, తీసుకున్న వాళ్లు కాపయ్యాక రెండింతలు వేయాలి. మొదట చిక్కుడు, టమాటా విత్తనాలు దాచండి. బీర, సొరలో వేరే రకాలు పక్కపక్కన ఉంటే పుప్పొడి కలిసిపోతుంది, వాటికి ఒక్క రకమే వేసుకోండి. దొండకు విత్తనంతో పని లేదు, ముదురు తీగ ముక్క చాలు. మృగశిర కార్తెలో వానలు పడగానే నాటేయండి.