అప్‌డేట్: నాన్న కాళ్ల తిమ్మిర్లు – పక్షవాతం కాదు, జీబీఎస్

నరసన్నపేటలో ఉండే మా నాన్నకి అరికాళ్లలో తిమ్మిర్లు మొదలై, మూడో రోజుకి మంచం మీంచి లేవలేకపోయారు, ఇది పక్షవాతమేనా అని కిందటి నెల అడిగాను. కాదు. గులియన్ బారీ సిండ్రోమ్ (జీబీఎస్), అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే నరాల మీద పడే జబ్బు.

"రెండు కాళ్లూ ఒకేలా పడిపోతుంటే ఆగొద్దు" అన్నవారికి చేతులెత్తి దండం. అప్పటికే ఒకచోట నడుంనొప్పి అని సూది వేసి పంపేశారు, ఒక రోజు పోయింది. రాత్రికి రాత్రే విశాఖ తీసుకెళ్లాం. మోకాలి మీద సుత్తితో కొడితే కాలు కదల్లేదు. వెన్ను నీరు తీస్తే ప్రొటీన్ ఎక్కువ, కణాలు మామూలే. ఇవి ఈ జబ్బు గుర్తులేనట.

అంతకు రెండు వారాల ముందు నాన్నకి విరేచనాలయ్యాయి. కాంపిలోబాక్టర్ అనే సూక్ష్మజీవి పైపూత మన నరాల్లోని కొవ్వు పదార్థంలాగే ఉంటుందట. దాన్ని చంపడానికి తయారైన యాంటీబాడీలు నరాల మీదే పడతాయి. అదే కారణమని డాక్టరు తేల్చి చెప్పలేదు గానీ, అనుమానం దాని మీదే.

ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) ఎక్కించారు: కిలో బరువుకి రోజుకి 0.4 గ్రాములు, 5 రోజులు. నాన్న 60 కిలోలు, అంటే మొత్తం 120 గ్రాములు. ఊపిరి కండరాలు కూడా పడిపోవచ్చని గంటగంటకీ శ్వాస చూసేవారు. ఆ రాత్రులు మాత్రం చెప్పలేను. స్టెరాయిడ్లు ఎందుకివ్వలేదంటే, ఈ జబ్బుకి పనిచెయ్యవన్నారు. 8 వారాలు దాటినా బలహీనత పెరుగుతుంటే అది సీఐడీపీ (ఇలాంటిదే, ఎక్కువ కాలం సాగే నరాల జబ్బు) కావచ్చు, దానికైతే స్టెరాయిడ్లు పనిచేస్తాయి, వెంటనే రమ్మన్నారు.

ఇప్పుడు వాకర్ పట్టుకుని వాకిలి దాకా వస్తున్నారు. నిన్న తన చేత్తో తనే అన్నం కలుపుకున్నారు. అమ్మ పక్కనే కూర్చుని చూసింది.