అప్‌డేట్: మయోగ్లోబిన్ మూడో స్థాయి దగ్గరే ఎందుకు ఆగిపోతుందో అర్థమైంది

రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ గొలుసు దాదాపు ఎలా ముడుచుకుంటుందో అలాగే ముడుచుకునే, కండరాల్లో ఆక్సిజన్ పట్టి ఉంచే ప్రోటీన్ మయోగ్లోబిన్‌కి చతుర్థ నిర్మాణం (నాలుగో స్థాయి, అంటే ఒకటికి మించిన గొలుసులు కలిసి అమరడం) ఎందుకు లేదని, మూడో స్థాయి (ఒక్క గొలుసు ముడుచుకున్న ఆకారం) దగ్గరే ఎందుకు ఆగిందని పోయిన వారం అడిగాను కదా. మీరు చెప్పినట్టే గొలుసులు లెక్కపెట్టాను. మయోగ్లోబిన్‌లో 153 అమైనో ఆమ్లాల గొలుసు ఒక్కటే, జత కట్టడానికి ఇంకోటి లేదు! హిమోగ్లోబిన్‌లో 141 చొప్పున రెండు ఆల్ఫా, 146 చొప్పున రెండు బీటా. ఈ నాలుగింటిలో ఒక గొలుసు ఆక్సిజన్ పట్టుకుంటే మిగతావాటికీ పట్టుకోవడం సులువవుతుంది.

చదువుతూ సికిల్ సెల్ అనే రక్తవ్యాధి దగ్గర ఆగిపోయాను. బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్, తేడా అంతే. ప్రాథమిక నిర్మాణంలో (అమైనో ఆమ్లాల వరుసలో) ఆ ఒక్క మార్పుతో, ఆక్సిజన్ వదిలిన హిమోగ్లోబిన్‌లు ఒకదానికొకటి అతుక్కుని పోగుల్లా పేరుకుంటాయి. ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది. మన ఏజెన్సీ ఊళ్లలో పిల్లలు పడే నొప్పికి మూలం ఇదా అని మనసు కలుక్కుమంది. ఓపిగ్గా చెప్పిన అందరికీ థాంక్స్.